చచ్చినా ఆగని దేవుడు

హార్త్‌స్టోన్ అనే కంప్యూటరు ఆటలోని యోగ్-సారోన్ కార్డు మీద ఉన్నది ఒక్కటే నియమం. ఆట మొదలైనప్పటి నుంచి నువ్వు ఎన్ని స్పెల్లు (మంత్రాల కార్డులు) వేశావో, నేను దిగగానే అన్ని స్పెల్లు వేస్తాను. ఏ స్పెల్లు వస్తాయో తెలియదు, ఎవరి మీద పడతాయో తెలియదు. ధర 10 మానా, దాడి బలం 7, ప్రాణం 5. ఇంత చిన్న నియమంలోంచి ఇంత పెద్ద నాటకం పుట్టడం డిజిటల్ కార్డు ఆటల్లో నేను మరోచోట చూడలేదు. 2016 ఏప్రిల్ నెలాఖరులో పుట్టి, అదే ఏడాది అక్టోబరు 3న కళ్లెం వేయించుకున్న ఈ కార్డు వైభవం ఐదు నెలల చిల్లర. ఆ ఐదు నెలలు అది పంచిన రసాన్ని గురించే నేను చెప్పబోయేది.

ఆట తెలియనివారికి నాలుగు మాటలు. హార్త్‌స్టోన్‌ను బ్లిజార్డ్ కంపెనీ 2014 మార్చిలో విడుదల చేసింది. ఆ కంపెనీ అంతకు ముందే అల్లుకున్న వార్‌క్రాఫ్ట్ కథాలోకంలోని వీరులు, భూతాలు, దేవతలు ఇందులో కార్డులుగా వస్తారు. ఇద్దరు ఎదురెదురుగా ఆడతారు. ఒక్కొక్కరికి 30 కార్డుల డెక్, 30 ప్రాణం ఉన్న హీరో. మొదటి వంతులో ఒక మానా (కార్డుకు కట్టే ధర), రెండో వంతులో రెండు, అలా పెరిగి పదిదగ్గర ఆగుతుంది. ఆ మానా ఖర్చుపెట్టి మినియన్లను (మీ తరఫున పోరాడే జీవులను) బోర్డు మీద నిలబెట్టాలి, స్పెల్లు వేయాలి, ఎదుటి హీరో ప్రాణాన్ని సున్నాకి దించాలి. నేర్పంతా లెక్కలో ఉంటుంది. చేతిలో ఏమున్నాయి, ఎదుటివాడి దగ్గర ఏముండి ఉంటాయి, ఈ మానా ఇప్పుడు ఖర్చు చేయనా, వచ్చే వంతుకు ఉంచనా. అలాంటి లెక్కల లోకంలోకి లెక్కే తెలియని దేవుడొకడు వచ్చాడు.

2016 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త కార్డుల కట్టలో నలుగురు ప్రాచీన దేవతలున్నారు. నలుగురి ధరా పదే. సీథూన్ తన భక్తుల సేవతో పెరుగుతూ పోతాడు. న్జోత్, చచ్చిపోతూ ఏదో ఒక ఫలం ఇచ్చి పోయే మినియన్లను తిరిగి లేపుతాడు. యషార్జ్ ప్రతి వంతు చివరా డెక్‌లోంచి ఒక మినియన్‌ను బయటికి లాగుతాడు. ఈ ముగ్గురినీ నమ్మవచ్చు. వాళ్లకు సేవ చేస్తే ఫలం దక్కుతుంది, ఆ ఫలం ఎంతో ముందే ఊహించవచ్చు. నాలుగోవాడికి మీరు చేసే సేవ స్పెల్లు వేయడం. దానికి బదులుగా ఏమిస్తాడో వాడికే తెలియదు.

వార్‌క్రాఫ్ట్ కథలో యోగ్-సారోన్ ఉల్డువార్ అనే చెరలో, నార్త్‌రెండ్ మంచుకొండల అడుగున బందీగా ఉన్న మృత్యుదేవుడు. చెరలో ఉన్నా అతని గుసగుస రాళ్లలోంచి, లోహంలోంచి పైకి పాకి వినేవాళ్ల మతి పోగొడుతుంది. 2009లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలోకి ఉల్డువార్ వచ్చినప్పుడు, ఇతనితో తలపడ్డవాళ్లకు ప్రాణంతో పాటు మతిస్థిమితం కూడా ఒక కొలతగా ఉండేది. అది పూర్తిగా కరిగిపోతే మనిషి అతని వశమైపోయేవాడు. ఏడేళ్ల తర్వాత కార్డు రూపకర్తలు ఆ కథను ఎలా మలిచారో చూడండి. కార్డు మీద పిచ్చి గురించి ఉపన్యాసం లేదు. ఆటగాడి చేతిలోంచి పగ్గాలు తీసుకోవడమే ఉంది. పదో వంతు దాకా తెలివిగా, పొదుపుగా ఆడుతూ వచ్చినవాడు ఈ కార్డును బోర్డు మీదికి లాగిన క్షణంలో తన మతిని తానే దేవుడికి ధారపోస్తాడు. పదకొండో శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమని చెప్పిన ఔచిత్యం ఇదే. పాత్ర ఏదో, ఆ పాత్ర చేసే పనీ అదే. నియమం, కథ ఒకదాని మీద ఒకటి ఇంత సరిగ్గా కూర్చున్న కార్డులు హార్త్‌స్టోన్‌లో చాలా తక్కువ.

ఇప్పుడు ఈ కార్డు దిగే ఘట్టం దగ్గరికి వద్దాం.

ఎదుటివాడి బోర్డు దాదాపు నిండిపోయింది. ఐదో ఆరో మినియన్లు వరసగా నిలబడి ఉన్నాయి. మీ హీరో ప్రాణం ఒక్క దెబ్బ దూరంలో ఉంది. చేతిలో ఉన్నవేవీ సరిపోవు, యోగ్-సారోన్ తప్ప. కార్డు బోర్డు మీద పడుతుంది. క్షణం ఆగుతుంది. మొదటి స్పెల్ తెర మీద మెరుస్తుంది: రెండు కార్డులు చేతికొచ్చాయి, మంచిదే. రెండోది హంటర్ వర్గపు రహస్య ఉచ్చు, మేజ్ వర్గానికి చెందిన మీ మంత్రగాడి హీరో తలమీద వేటగాడి ఉచ్చు వచ్చి వేలాడుతుంది, ఎందుకో తెలియదు. మూడోది అగ్నికెరటం: ఎదుటి బోర్డు మీద ఉన్న ప్రతి మినియన్‌కూ నాలుగు దెబ్బలు, సగం బోర్డు బూడిద. మీ ఊపిరి కాస్త వెనక్కి వస్తుంది. నాలుగో స్పెల్ బలమైన మినియన్‌ను చంపే చీకటిమాట, దానికి గురి యోగ్-సారోన్. తాను పిలిచిన మాటకు తానే నేలకూలుతాడు. అయినా అయిదో స్పెల్ వస్తుంది. ఆరోదీ వస్తుంది. వేసినవాడు లేడు, వేయడం ఆగలేదు. ఏడో స్పెల్ పైరోబ్లాస్ట్, పది దెబ్బల అగ్నిగోళం. అది గాల్లోకి లేచి ఎవరి హీరో వైపు తిరుగుతుందో అని ఇద్దరు మనుషులు, రెండు ఊళ్లలోనో రెండు ఖండాల్లోనో కూర్చుని, ఒకే తెరను చూస్తుంటారు.

ఇది నేను పేర్చిన వరస. ఆ రోజుల్లో ఇలాంటివి దేశదేశాల తెరల మీద నడుస్తూనే ఉండేవి. ఏ రెండూ ఒకలా ఉండేవి కావు.

ఈ ఘట్టంలో నాట్యశాస్త్రకారుడు భరతుడు చెప్పిన ఎనిమిది రసాల్లో కనీసం మూడు ఒకదాని వెనుక ఒకటి తోసుకుంటూ వస్తాయి. దేవుడు దిగగానే భయానకం. మంత్రగాడికి వేటగాడి ఉచ్చు వచ్చినప్పుడు, మహాదేవుడు గొర్రెగానో కప్పగానో మారిపోయి కూడా స్పెల్లు కురిపిస్తున్నప్పుడు హాస్యం. వీటన్నిటి అడుగున అద్భుతం స్థిరంగా ఉంటుంది, దాని స్థాయి విస్మయం. భయం, నవ్వు వచ్చి పోతాయి. విస్మయం చివరి స్పెల్ దాకా నిలబడుతుంది. దాన్ని నిలబెట్టేది ప్రవాహం ఆగకపోవడమే. దేవుడు చచ్చినా ఆగలేదు, గొర్రె అయినా ఆగలేదు, చేతిలోకి తిరిగి వెళ్లిపోయినా ఆగలేదు. మొదలుపెట్టినవాడి ప్రాణంతో పని లేకుండా తన సంఖ్య పూర్తయ్యేదాకా సాగే కార్యం అది. ఆ మొండి పూర్ణత్వమే ఈ కార్డు సౌందర్యానికి గుండెకాయ. తర్వాత జరిగిన పతనం కథంతా ఆ గుండెకాయ మీద పడ్డ దెబ్బ కథే.

ఇంకో గుణం ఉంది, అది నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది. యోగ్-సారోన్ ఆడుతున్నంతసేపూ ఆటగాళ్లిద్దరూ ఏమీ చేయలేరు. దించినవాడూ చేయలేడు, ఎదుటివాడూ చేయలేడు. ఇద్దరూ ప్రేక్షకులైపోతారు. ప్రాచీన ఆలంకారికుడు అభినవగుప్తుడు రసాస్వాదానికి అడ్డుపడే విఘ్నాలు ఏడు చెప్పాడు. వాటిలో ఒకటి, ఇది నాది, అది వాడిది అనే పట్టింపు. మరొకటి, సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోవడం. పోటీ ఆట అంటేనే ఈ రెండు విఘ్నాలు. నా ప్రాణం, వాడి ప్రాణం, నా గెలుపు, వాడి ఓటమి. అందుకే ఆటలో ఉన్నవాడికి ఉద్వేగం ఉంటుంది గానీ రసం అరుదు. ఈ ఒక్క కార్డు ఆట మధ్యలో ఓ నిమిషం పాటు ఆ పట్టింపును సడలించేది. జాతరలో పూనకం వచ్చిన మనిషి చుట్టూ శత్రువులూ మిత్రులూ కలిసే నిలబడినట్టు, ఆ నిమిషంలో ఇద్దరు ప్రత్యర్థులూ, ప్రసారం చూస్తున్న వేలమందీ ఒకే గుంపు. మరో ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణం (నాదీ వాడిదీ అనే తేడా కరిగిపోవడం) అన్నది నాటకశాల గురించే. దాన్ని పోటీ నడిబొడ్డులో జరిపించిన కార్డు ఇది.

ఈ అల్లరి వెనుక ఒక గణితం కూడా ఉంది, దాన్ని గమనిస్తే రూపకల్పన మీద గౌరవం పెరుగుతుంది. గురిపెట్టి వేసే స్పెల్లు బోర్డు మీద ఉన్నవాటిలోంచే తమకు తగిన గురిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటాయి. ఎదుటి వైపు ఆరు మినియన్లుండి, మీ వైపు యోగ్-సారోన్ ఒక్కడే ఉంటే, నాశనం చేసే స్పెల్ ఎదుటివాడి మీద పడే అవకాశమే ఎక్కువ. అంటే, మీరు ఎంత వెనకబడి ఉంటే దేవుడు మీకు అంత అనుకూలం. దీనికితోడు ఆటలోని స్పెల్లలో చాలా భాగం మినియన్లను కూల్చేవో, కార్డులు తెచ్చిపెట్టేవో. కాబట్టి బోర్డు శుభ్రమై, చేయి నిండి, ఓడిపోతున్నవాడు ఉన్నట్టుండి నిలదొక్కుకునేవాడు. గెలుస్తున్నవాడు దించితే అదే దేవుడు కొంప ముంచేవాడు. సొంత మినియన్లను కూల్చేవాడు, డెక్ ఖాళీ చేసేవాడు, అగ్నిగోళాన్ని సొంత హీరో నెత్తినే వేసేవాడు. యాదృచ్ఛికత పేరుతో ఆర్తుడి పక్షం వహించే నియమం ఇది. పైకి పిచ్చి, లోపల కరుణ.

కాగితం మీద ఈ కార్డు సాధ్యం కాదు, అది కూడా దాని ఔచిత్యంలో భాగమే. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ నుంచి కాగితపు కార్డు ఆటలకు గొప్ప సంప్రదాయం ఉంది. కానీ బల్ల ముందు కూర్చున్న ఇద్దరు మనుషులు అప్పటి తొమ్మిది హీరో వర్గాల వందల స్పెల్లలోంచి ఒకటి తీసి, దానికి గురి తీసి, ఫలితం లెక్కగట్టి, మళ్లీ ఇంకొకటి తీస్తూ పోలేరు. ఆ శ్రమలోనే రసం ఇంకిపోతుంది. కంప్యూటరు మాత్రమే ఆ పాచికను క్షణంలో వేయగలదు, వేసిన వెంటనే దాన్ని మంటగా, మెరుపుగా చూపగలదు. తన మాధ్యమం తప్ప మరెక్కడా పుట్టలేని కళారూపం ఇది. ఆ మాధ్యమంలోనే దాని మరణం కూడా దాగి ఉంది. కాగితం మీద అచ్చయిన అక్షరాన్ని కంపెనీ ఇంటింటికీ వచ్చి చెరపలేదు. తెరమీది కార్డును ఒక్క రాత్రిలో ప్రపంచమంతటా మార్చేయగలదు.

మొదట్లో దీన్ని సరదా కార్డుగానే చూశారు. డెక్‌లో ఉన్న 30 స్థానాల్లో ఒకటి ఇలాంటి జూదానికి ఇవ్వడం గెలవాలనుకునేవాడి పని కాదనుకున్నారు. నెలలు గడిచేకొద్దీ స్పెల్లు ఎక్కువగా వేసే డ్రూయిడ్, మేజ్ వర్గాల డెక్‌లు దీన్ని ఆఖరి ఆశగా పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆట మామూలుగా గెలిస్తే కార్డు చేతిలోనే ఉండిపోతుంది. చేయి జారుతుంటే దింపుతారు. వేసవి దాటేసరికి డబ్బు పందెంగా ఉన్న పెద్ద టోర్నమెంట్లలో కూడా నిర్ణాయకమైన వంతులు ఈ దేవుడి చేతుల్లో తేలడం మొదలైంది.

అక్కడ గొడవ వచ్చింది. ఆ గొడవలో న్యాయం ఉంది. నెలల తరబడి సాధన చేసి, వంతు వంతుకూ సరైన నిర్ణయం తీసుకుని, గెలుపు అంచుకు చేరినవాడు ఎవరి నిర్ణయమూ కాని ఒక నిమిషంలో ఓడిపోతే, వాడికి రసం గురించి పాఠం చెప్పే హక్కు మనకు లేదు. నేర్పు ఎంత, అదృష్టం ఎంత అన్న తగువు మన తెలుగు నేలకు కొత్తది కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, కె. సత్యనారాయణకు మధ్య ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం రమ్మీని ప్రధానంగా నేర్పుతో నడిచే ఆట అంది. పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, పంపకంలో ఉన్న అదృష్టం బ్రిడ్జి ఆటలోనూ ఉన్నదే అని కారణాలు చూపింది. ఆ కొలబద్దతో చూస్తే హార్త్‌స్టోన్ మొత్తంగా నేర్పు ఆటే. యోగ్-సారోన్‌ను ఎప్పుడు దింపాలి, ఎన్ని స్పెల్లు కూడబెట్టాక దింపాలి, బోర్డు ఎలా ఉన్నప్పుడు దింపాలి అన్నవీ నేర్పే. దింపిన తర్వాతి నిమిషం మాత్రం ఆ కొలబద్దకు అందదు. రమ్మీలో అదృష్టం చాలావరకు పంపకంతో ముగిసి నేర్పు మొదలవుతుంది. ఇక్కడ నేర్పు ముగిసిన చోట అదృష్టం మొదలవుతుంది. క్రమం తలకిందులైంది. పోటీదారుకు అది అన్యాయంగా తోచడానికి కారణం ఇదే. ప్రేక్షకుడికి అది పరాకాష్ఠగా తోచడానికీ కారణం ఇదే. నాటకంలో విధి చివరి అంకంలోనే రావాలి కదా.

బ్లిజార్డ్ చివరికి పోటీదారుల మాట విన్నది. కార్డు చాలామందికి ఆనందం ఇస్తున్నా, టోర్నమెంట్లలో తాము కోరుకున్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తోందన్నది వాళ్ల వివరణ సారం. 2016 అక్టోబరు 3న వచ్చిన మార్పు ఒక్కటే. స్పెల్లు కురిపిస్తుండగా యోగ్-సారోన్ చచ్చినా, నోరు మూతపడినా, మరో రూపానికి మారినా, చేతికి తిరిగి వెళ్లినా, ప్రవాహం అక్కడితో ఆగిపోతుంది. ధర మారలేదు, బలం మారలేదు, బొమ్మ మారలేదు. పోటీ దృష్టితో చూస్తే ఇది చాలా పొదుపైన వైద్యం.

రసం దృష్టితో మాత్రం ఇది అచ్చమైన రసభంగం, ఈ మాట నేను మొహమాటం లేకుండా చెప్తాను. పాత నియమంలో ఇరవై స్పెల్లు కూడబెట్టినవాడికి ఇరవై స్పెల్ల నాటకం ఖాయం. కొత్త నియమంలో ప్రతి స్పెల్లూ దేవుడి చావుకు ఒక అవకాశం. అందువల్ల ఎన్ని కూడబెట్టినా, ఎక్కడో నాలుగో అయిదో స్పెల్ దగ్గర తెగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. కూడబెట్టిన తపస్సుకు విలువ తగ్గిపోయింది. అంతకన్నా ముఖ్యం, దేవుడు తన మాటకు తానే కూలిన క్షణం అర్థం మారిపోయింది. పాత కార్డులో ఆ క్షణం అద్భుతానికి ఆరంభం, ఇప్పుడు చూడండి అన్నట్టు. కొత్త కార్డులో అదే క్షణం తెర దించేయడం. బొమ్మ అదే, మంట అదే, చావు అదే. కానీ చావు తర్వాత ఏమీ లేదు. మృత్యుదేవుడు మిగతా మినియన్ల లాగే చావడం మొదలుపెట్టాడు.

మార్పు చేసిన కార్డులకు కంపెనీ ఇచ్చే పరిహారం ఒకటుంది. హార్త్‌స్టోన్‌లో యోగ్-సారోన్ లాంటి లెజెండరీ (అత్యంత అరుదైన) కార్డును కరిగిస్తే మామూలుగా 400 డస్ట్ (కార్డులు తయారు చేసుకునే పొడి) వస్తుంది, తయారు చేసుకోవాలంటే 1600 కావాలి. మార్పు తర్వాత కొన్నాళ్లు మాత్రం పూర్తి 1600 ఇచ్చారు. లెక్క తెలిసినవాళ్లకు అది కరిగించుకోవలసిన సమయం. దేవుడి విలువ చిటికెడు వెలుగు పొడిగా తూగింది. పోటీ డెక్‌లలోంచి అతను తప్పుకున్నాడు. డిసెంబరులో గ్యాడ్జెట్‌జాన్ అనే కొత్త కట్ట కార్డులు వచ్చాక ఆట వేగం పెరిగి, పదో వంతు దాకా ఎదురుచూసే ఓపికే తక్కువైపోయింది. 2018 ఏప్రిల్‌లో ప్రాచీన దేవతల కట్ట మొత్తం, కొత్త కట్టలకే చోటుండే స్టాండర్డ్ ఆటలోంచి వెళ్లిపోయింది.

అవతారాలు మళ్లీ వచ్చాయి. 2019 ఆగస్టులో యోగ్-సారోన్ పజిల్ పెట్టె వచ్చింది, మేజ్‌లకు మాత్రమే. పది మానాకు పది యాదృచ్ఛిక స్పెల్లు వేసే స్పెల్ అది. పెట్టెకు ప్రాణం లేదు కాబట్టి చావూ లేదు, వరస తెగదు. నాకు అది నచ్చింది. కానీ అందులో చచ్చే పాత్ర లేదు, ప్రాణం పోయినా సాగే ఆశ్చర్యమూ లేదు. 2020 నవంబరులో విధికి యజమానిగా యోగ్-సారోన్ మళ్లీ దిగాడు, పది స్పెల్లు వేసినవాడి కోసం ఆరు గడుల చక్రం తిప్పాడు. అందులో ఒక గడి, హీరోల్లో ఎవరో ఒకరు చచ్చేదాకా అగ్నిగోళాలు విసురుతూనే ఉంటుంది. ఇంకొక గడి దాదాపు పాత వరమే, మీరు వేసినన్ని యాదృచ్ఛిక స్పెల్లు వేయడం. 2016లో కార్డంతా అయినది 2020లో ఆరింట ఒక వంతు అయింది. 2023లో మరో రూపం వచ్చింది. మంచి కార్డులే అన్నీ. వాటిలో నేర్పరితనం ఎక్కువ, మొండితనం తక్కువ.

నా తీర్పు ఇది. టోర్నమెంటు కోసం చేసిన మార్పు సబబే. కళాఖండంగా మాత్రం 2016 ఏప్రిల్‌కూ అక్టోబరుకూ మధ్య ఉన్న యోగ్-సారోన్‌దే పూర్ణరూపం, తర్వాతిది అదే బొమ్మ వేసుకున్న మరో కార్డు. చూడని పాఠకులకు ఒక మాట. ఆ మధ్యకాలంలో రికార్డయిన ఆట ఏదైనా ఒకటి వెతికి పట్టుకోండి. ఎవరు గెలిచారో ముందే చదవకండి. దేవుడు దిగేదాకా ఎవరి పక్షమైనా వహించండి, దిగాక వదిలేయండి. అతను చచ్చిపోతే వీడియో ఆపేయకండి, ఇంకా స్పెల్లు మిగిలి ఉంటాయి.